ఊరి చరిత్ర చెప్పేవాళ్లలో ఎవరిని నమ్మాలి?

1936లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఒక యువకుడికి ఇత్తడి రేకు ఒకటి దొరికింది. 1579లో ఆ తీరంలో దిగిన ఇంగ్లిషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్, ఈ నేల ఇకమీద మా రాణిదని చెక్కించి ఒక పలక వదిలి వెళ్లాడని పాత రాతల్లో ఉంది. దొరికిన రేకు అచ్చం ఆ పలకలాగే ఉంది. అది చివరికి బర్క్‌లీలో హెర్బర్ట్ బోల్టన్ అనే ప్రొఫెసర్ దగ్గరికి చేరింది. బోల్టన్ ఆషామాషీ మనిషి కాదు. అమెరికా చరిత్రకారుల సంఘానికి అధ్యక్షుడిగా చేసినవాడు. కాలిఫోర్నియా చరిత్ర విషయంలో ఆయన మాటకు తిరుగులేని రోజులవి. డ్రేక్ పలక ఎక్కడో ఉండే ఉంటుంది, ఓ కన్నేసి ఉంచండని ఏళ్ల తరబడి తన విద్యార్థులకు చెబుతూ వచ్చింది కూడా ఆయనే. 1937లో ఆ రేకు అసలైనదేనని ప్రకటించాడు. మరుసటి ఏడాది దాన్ని పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త కూడా సరేనన్నాడు.

నలభై ఏళ్ల తర్వాత, 1977లో, కొత్త పరీక్షల ఫలితాలు వచ్చాయి. డ్రేక్ కాలపు ఇత్తడిలో ఉండాల్సినదానికంటే ఇందులో జింకు ఎక్కువ. పైగా అది సుత్తితో సాగగొట్టిన రేకు కూడా కాదు, ఆధునిక మిల్లులో తీసినది. ఇదంతా ఎవరి పనో 2003లో పరిశోధకులు బయటపెట్టారు. బోల్టన్‌కు తెలిసినవాళ్లే ఆయన్ని ఆటపట్టించడానికి ఆ రేకు తయారుచేయించారట. వాళ్లు నోరు విప్పేలోపే ఆయన లోకమంతటికీ చెప్పేశాడు. జోక్ కాస్తా చెయ్యి దాటిపోయింది.

ఇక్కడ బోల్టన్‌కు లేనిదేమిటి? చదువుంది, పదవి ఉంది, ఆ ప్రాంతం మీద పట్టుంది, ప్రేమ కూడా ఉంది. అన్నీ ఉన్న మనిషి ఎక్కడ జారాడంటే, తాను ఎప్పటినుంచో కోరుకున్నది తన చేతికే వచ్చిన చోట. ఇష్టమైన కథ ఎదురైనప్పుడు ఒక మనిషి ఏం చేస్తాడో చూస్తే అతన్ని ఎంతవరకు నమ్మొచ్చో చాలావరకు తెలిసిపోతుంది.

ఊళ్ల చరిత్ర రాసేవాళ్లలో ప్రొఫెసర్లు తక్కువ. రిటైరైన టీచర్లు, లాయర్లు, పోస్టుమాస్టర్లు, చర్చి పాస్టర్లు, ఇంట్లో పాత కాగితాల పెట్టె దొరికిన మనవళ్లు ఎక్కువ. ఇందులో తప్పేమీ లేదు. వాళ్లు రాయకపోతే లోకంలో చాలా ఊళ్లకు రాసిన చరిత్రంటూ ఉండేదే కాదు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఒక దేశ చరిత్రను వందమంది రాస్తారు, ఒకరి తప్పును ఇంకొకరు పట్టుకుంటారు. ఒక చిన్న ఊరి చరిత్రకు తరచుగా ఒక్కరే దిక్కు. ఆయన రాసిందాన్ని సరిచూసే రెండో మనిషి ఉండడు. తప్పు పడితే అది అలాగే బోర్డులకెక్కుతుంది, పిల్లల ప్రాజెక్టులకెక్కుతుంది, శతాబ్ది ఉత్సవాల సావనీరుకెక్కుతుంది. పదేళ్లు గడిచాక దాన్ని కాదనడం ఊరిని కాదన్నట్టే అవుతుంది. పోటీ లేనిచోట రాసేవాడి నిజాయితీ ఒక్కటే కాపలా.

ఊరి చరిత్రకారుణ్ణి పరిచయం చేసేటప్పుడు సాధారణంగా మూడు మాటలు వినిపిస్తాయి. ఈ గడ్డ మీదే పుట్టారు, నలభై ఏళ్లుగా ఇదే పని, ఫలానా డిగ్రీ ఉంది. మూడూ పనికొచ్చేవే, ఏదీ సరిపోదు. అక్కడ పుట్టినవాడికి యాస తెలుసు, ఏ వీధికి పాత పేరేమిటో తెలుసు, ముసలివాళ్లు అతని ముందు నోరు విప్పుతారు. కానీ అతనికి అక్కడ బంధువులుంటారు, పాత గొడవలుంటాయి, రేపు ఎదురుపడి పలకరించాల్సిన మొహాలుంటాయి. ఏళ్ల అనుభవం సంగతీ అంతే. ఒకే తప్పును నలభై ఏళ్లు చెప్పినా అది నలభై ఏళ్ల అనుభవమే. డిగ్రీ సంగతి బోల్టన్ దగ్గర చూశాం.

అలాగని డిగ్రీ లేనివాళ్లంతా కల్మషం లేని అమాయకులనే భ్రమ కూడా వద్దు. జపాన్‌లో షినిచి ఫుజిమురా అని ఒక ఔత్సాహిక పురావస్తు అన్వేషకుడు ఉండేవాడు. ఎక్కడ తవ్వితే అక్కడ అతి ప్రాచీన రాతి పనిముట్లు దొరికేవి, దాంతో ఆయనవి దేవుడి చేతులన్నారు. ఆ తవ్వకాల వల్ల జపాన్‌లో మనుషుల చరిత్ర లక్షల ఏళ్లు వెనక్కి జరిగింది, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. 2000 నవంబరులో మైనిచి షింబున్ పత్రిక కొన్ని ఫొటోలు అచ్చువేసింది. అందులో ఆయన తెల్లవారుజామున తనే గుంట తీసి పనిముట్లు పాతిపెడుతున్నాడు. తర్వాత విచారిస్తే ఆయన చెయ్యిపడ్డ వందకు పైగా స్థలాలు పనికిరాకుండా పోయినట్టు తేలింది. అన్నేళ్లూ పక్కనే ఉన్న పండితులు అనుమానించకపోవడానికి ఒక కారణం, ఆ వార్తలు అందరికీ తియ్యగా ఉండటమే.

కాబట్టి రాసింది ఎవరన్నది పక్కన పెట్టి, రాసినదాన్ని ఒక ప్రశ్న అడగాలి: మీకెలా తెలిసింది?

ఈ ప్రశ్నకు పుస్తకంలోనే జవాబు ఉండాలి. ఫలానా చెరువు ఫలానా ఏట తవ్వించారని ఉంటే, ఆ మాట శాసనంలో ఉందా, రెవెన్యూ రికార్డులో ఉందా, ఒక పెద్దాయన చెప్పాడా? శాసనమైతే ఎక్కడుంది, రచయిత స్వయంగా చదివాడా, ఇంకొకరు అచ్చువేసిన పాఠం చూశాడా? పెద్దాయనైతే ఎప్పుడు చెప్పాడు, ఆయన తన కళ్లతో చూశాడా, తాత చెబితే విన్నాడా? పాఠకుడు కావాలనుకుంటే అదే దారిలో వెనక్కి నడిచి వెళ్లి చూడగలగాలి. నూటికి తొంభైమంది వెళ్లరు. కానీ ఎవరైనా వెళ్లొచ్చు అన్న భయం రాసేవాణ్ణి నిలబెడుతుంది. ఆధారం చెప్పడాన్ని పండితుల షోకు అనుకునేవాళ్లు ఉన్నారు. నా దృష్టిలో అది పాఠకుడికి ఇంటి తాళంచెవి ఇవ్వడం లాంటిది.

‘చాలా పుస్తకాల్లో ఉంది’ అనేది జవాబు కాదు. 1740ల్లో కోపెన్‌హాగెన్‌లో ఉన్న చార్లెస్ బెర్ట్రమ్ అనే ఇంగ్లిషు కుర్రాడు, రోమన్ల కాలపు బ్రిటన్ గురించి ఒక సన్యాసి రాసిన పాత చేతిరాత ప్రతి తన దగ్గర ఉందని విలియం స్టూక్లీ అనే పేరున్న పండితుడికి ఉత్తరాలు రాశాడు. పంపిందల్లా నకళ్లే. అసలు ప్రతిని ఇంగ్లండులో ఎవరూ చూడలేదు. అయినా స్టూక్లీ దాన్ని నమ్మి ప్రచారంలో పెట్టాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా పండితులు, పటాలు గీసేవాళ్లు, ఊళ్ల చరిత్రలు రాసేవాళ్లు ఒకరిని చూసి ఒకరు అందులోని పేర్లు ఎత్తి రాసుకున్నారు. అదంతా బెర్ట్రమ్ కల్పనేనని 1860ల్లో పూర్తిగా రుజువైంది. ఎంతమంది రాసినా సాక్షి ఒక్కడే, ఆ ఒక్కడూ దొంగ సాక్షి.

సాక్షి ఎంత దగ్గరివాడన్నది ఇంకో లెక్క. బేస్‌బాల్ ఆట పుట్టుక గురించి తేల్చడానికి 1905లో అమెరికాలో ఒక కమిషన్ వేశారు. 1839లో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో ఆబ్నర్ డబుల్‌డే ఆ ఆట కనిపెట్టాడని కమిషన్ చెప్పింది. ఆధారం ఒక మైనింగ్ ఇంజనీరు రాసిన ఉత్తరం. ఉత్తరం రాసేనాటికి ఆయనకు డెబ్బై దాటాయి, తాను చెబుతున్న సంఘటన నాటికి ఐదేళ్లవాడు. డబుల్‌డే మాత్రం ఆ ఏడు వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో విద్యార్థి. 1893లో చనిపోయేదాకా బేస్‌బాల్ తాను కనిపెట్టానని ఆయన ఎక్కడా రాసుకోలేదు. అయినా 1939లో కూపర్స్‌టౌన్‌లోనే ఆ ఆటకు పెద్ద మ్యూజియం తెరిచారు. ఇప్పుడు చరిత్రకారులెవరూ ఆ కథ నమ్మరు. మ్యూజియం మాత్రం అక్కడే ఉంది, జనం వస్తూనే ఉన్నారు. ఊరికి లాభం తెచ్చే కథకు ఆయుష్షు ఎక్కువ.

ఇది చదివి, జ్ఞాపకాలు నమ్మదగినవి కావు, కాగితమే గట్టిదని తేల్చేసుకోవద్దు. అసలు గమ్మత్తు అంతా ఇక్కడే ఉంది.

ఇటలీలో టెర్ని అనే ఉక్కు కార్ఖానాల పట్టణం ఉంది. 1949 మార్చి 17న, ఇటలీ నాటోలో చేరడాన్ని నిరసిస్తూ కార్మికులు ఊరేగింపు తీస్తే, పోలీసులతో జరిగిన ఘర్షణలో లుయిజి ట్రస్తుల్లి అనే ఇరవయ్యొక్కేళ్ల కార్మికుడు చనిపోయాడు. ఇందులో సందేహం లేదు, రికార్డులున్నాయి. దశాబ్దాల తర్వాత అలెస్సాండ్రో పొర్తెల్లి అనే పరిశోధకుడు ఆ ఊరి కార్మికులను కూర్చోబెట్టి మాట్లాడిస్తే, చాలామంది ఆ చావును 1953కు జరిపి చెప్పారు. ఆ ఏడు కార్ఖానా రెండు వేల మందికి పైగా కార్మికులను తీసేసింది. వీధుల్లో పెద్ద గొడవలయ్యాయి. వాళ్ల జ్ఞాపకంలో ట్రస్తుల్లి చనిపోయింది ఆ గొడవల్లోనే.

దీన్ని ముగ్గురు మూడు రకాలుగా వాడతారు. ఒకడు పెద్దలు చెప్పారు కదా అని 1953 అని రాసేస్తాడు. రెండోవాడు తేదీ కూడా తెలియని మనుషులని టేపులు పక్కన పడేస్తాడు. పొర్తెల్లి ఈ రెండూ చెయ్యలేదు. ఇంతమంది ఒకే తప్పు ఎందుకు చేస్తున్నారని అడిగాడు. నాటోకు వ్యతిరేకంగా జరిగిన ఒక చిన్న నిరసనలో తమవాడు అనుకోకుండా పోయాడన్నది, ఎదురు దెబ్బ తియ్యలేకపోయామన్నది వాళ్లకు మింగుడుపడలేదు. ఉద్యోగాల కోసం జరిగిన పెద్ద పోరాటంలో పోయాడంటే ఆ చావుకు ఒక అర్థం దొరుకుతుంది. 1949లో ఏం జరిగిందో కాగితం చెప్పింది, ఆ ఊరు దాన్ని ఎలా మోసిందో తప్పు తేదీ చెప్పింది. రెండూ చరిత్రే, కాకపోతే ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు. ఊరి పెద్దలతో మాట్లాడి రాసే ఎవరినైనా తూచడానికి ఇంతకన్నా మంచి కొలత నాకు కనిపించలేదు.

ఇక కాగితం సంగతి. మెకంజీ కైఫీయత్తులే తీసుకోండి, అంటే ఊళ్ల గురించి అప్పట్లో రాసి పెట్టిన వివరాలు. 1800కు అటూఇటూగా కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి కోసం కావలి బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాలు, గుడుల వాళ్లు, పాత కుటుంబాల వాళ్లు చెప్పినవి, దాచుకున్నవి సేకరించారు. వాటి విలువ కట్టలేం. అయితే ఒక కైఫీయత్తులో రాయల కాలం గురించి ఒక మాట ఉందనుకోండి, అది దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత చెప్పిన మాట. అదే కాగితంలో అప్పటి మాన్యాలు, చెరువులు, పన్నుల గురించి ఉంటే అది కళ్లారా చూస్తున్నవాళ్లు చెప్పిన మాట. కాగితం ఒకటే, తూకాలు రెండు. మాన్యం ఉన్నవాడు తన హక్కు ఎంత పాతదో సర్కారు మనిషికి చెబుతున్నప్పుడు ఆ పాతదనం కొంచెం పెరిగే వీలూ ఉంటుంది. ‘కైఫీయత్తులో ఉంది’ అని రాసి ఊరుకునేవాడు సగం పనే చేశాడు.

ఈ పాతదనం పెంచే జబ్బు లోకమంతటా ఉంది. యూరప్ మఠాల్లో సన్యాసులు తమ భూములకు రాజుల పేరు మీద దానపత్రాలు తామే రాసుకున్నారు. మన దగ్గరా దొంగ తామ్రపత్రాలు తక్కువేమీ లేవు. చాలాసార్లు పట్టిచ్చేది భాషే. రోమ్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పోప్‌కు పశ్చిమ రాజ్యమంతా రాసిచ్చాడనే పత్రం దొంగదని 1440లో లొరెంజో వల్లా చూపించినప్పుడు, ఆయన పట్టుకున్న ముఖ్యమైన తీగ అందులోని లాటిన్ ఆ చక్రవర్తి కాలానిది కాకపోవడం.

తేదీల దగ్గర కూడా మనిషి బయటపడిపోతాడు. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని చాలామందికి తెలుసు. పుష్యం నడిమి నుంచి ఫాల్గుణం దాకా పడే తేదీలకు సాధారణంగా 79 కలపాలని తెలిసినవాళ్లు తక్కువ. శాసనంలో శక సంవత్సరం చెరిగిపోయి ‘విళంబి’ అని మాత్రమే మిగిలితే, విళంబి అరవై ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి అది ఏ విళంబో లిపినిబట్టో రాజు పేరునుబట్టో తేల్చాలి. తేలకపోతే తేలలేదని రాయాలి. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అక్కడి పాత చర్చి రిజిస్టరులో 1740 ఏప్రిల్ ముందు వస్తుంది, 1740 ఫిబ్రవరి తర్వాత వస్తుంది. అది తెలియక, పెళ్లికి ముందే పిల్లలు పుట్టారని వంశవృక్షాల్లో రాసేసి చుట్టాల్లో గొడవలు తెచ్చుకున్నవాళ్లు ఉండే ఉంటారు!

ఊరి పేరుకు అర్థం చెప్పే దగ్గర అయితే ఇక చెప్పక్కర్లేదు. ఒక రాజు వేటకు రావడం, ఏదో అనడం, ఆ మాటే పేరైపోవడం. వినడానికి బావుంటుంది. 1923లో ఇంగ్లండులో మొదలైన ఊరి పేర్ల పరిశోధనా సంఘం పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఆ పేరు దొరికినంతవరకు పాత రాతల్లో ఏ ఏ ఏట ఏ ఏ స్పెల్లింగుతో ఉందో ముందు వరసగా పేరుస్తారు. అర్థం వెతకడం ఆ తర్వాత. ఇప్పటి పేరును ముక్కలు చేసి అర్థం చెప్పేవాళ్ల దగ్గర ఆ వరస ఉందో లేదో అడగండి. సాధారణంగా ఉండదు.

కాగితమూ నోటిమాటా కాక మూడో సాక్షి నేల. ఖాళీ అయిపోయిన పల్లెలు ఇంగ్లండులో అరుదు అనుకునే కాలంలో, 1940ల్లో మారిస్ బెరెస్‌ఫర్డ్, డబ్ల్యూ.జి. హాస్కిన్స్ పొలాల్లో నడిచి, గట్టుల్లా లేచిన చోట్లు పాత ఇళ్ల పునాదులని, గుంటలు పాత వీధులని గుర్తుపట్టారు. యార్క్‌షైర్‌లో వారమ్ పెర్సీ అనే పల్లెలో తవ్వకాలు 1950 నుంచి నలభై ఏళ్లు సాగాయి. లెస్టర్‌లో 1948లో పెట్టిన స్థానిక చరిత్ర శాఖకు హాస్కిన్సే మొదటి అధిపతి. ఆయన తర్వాత వచ్చిన ఫిన్‌బర్గ్, స్థానిక చరిత్రంటే ఒక సమాజం పుట్టుక, ఎదుగుదల, క్షీణత, పతనం అన్నాడు. చివరి రెండు మాటలు గమనించండి. పుట్టింది, పెరిగింది, వర్ధిల్లుతోంది అనే దగ్గర ఆగిపోయే పుస్తకం సావనీరే అవుతుంది. కరువుకు ఎవరు వలసపోయారు, ఏ బావి దగ్గరికి ఎవరిని రానివ్వలేదు, ఎవరి భూమి ఎవరి చేతికి ఎలా వెళ్లిందన్న దగ్గరే రాసేవాడి నిబ్బరం తెలుస్తుంది.

పోలండులో యెద్వాబ్నె అనే చిన్న ఊళ్లో 1941 జూలై 10న యూదులను చంపారు. చాలామందిని ఒక గడ్డివామి కొట్టంలో పెట్టి తగలబెట్టారు. తర్వాత పెట్టిన స్మారకం మీద ఆ పని జర్మన్లదని రాశారు. ఊళ్లో పెద్దవాళ్లకు అసలు సంగతి తెలుసు. చంపినవాళ్లలో పొరుగు పోలిష్ జనం ఉన్నారని 2000లో యాన్ గ్రాస్ అనే చరిత్రకారుడు రాస్తే దేశమంతా అట్టుడికింది. జర్మన్ల ప్రోద్బలం ఉన్నా, ఆ పని చేసిన చేతులు స్థానికులవేనని 2002లో అధికారిక విచారణ కూడా తేల్చింది. పాత రాయిని అప్పటికే తీసేశారు. రాతి మీద చెక్కి ఉంది కదా అనేవాళ్లకు ఈ ఊరు గుర్తుండాలి.

తప్పు దిద్దుకోవడం గురించి ఒక్క మాట. రెండో ముద్రణలో ‘మొదటిసారి నేను ఇలా రాశాను, అది తప్పు’ అని కనబడితే ఆ పుస్తకం మీద నా నమ్మకం పెరుగుతుంది. ‘అయి ఉండొచ్చు’, ‘ఆధారం దొరకలేదు’ అనే మాటలు అసలు లేని పుస్తకం చూస్తే టెన్షన్ మొదలవుతుంది. సేకరించిన కాగితాలు, టేపులు ఇంట్లో దాచుకుని ఎవరికీ చూపించనివాళ్ల విషయంలోనూ అంతే, వాళ్లు ఎంత పెద్దవాళ్లయినా.

చివరగా ఓక్లహోమాలోని టల్సా. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో అక్కడి గ్రీన్‌వుడ్ అనే నల్లజాతివాళ్ల పేట మీద తెల్లవాళ్ల గుంపు పడి ముప్పై అయిదు బ్లాకుల మేర తగలబెట్టింది. తర్వాత దశాబ్దాల పాటు ఊరు ఆ మాటే ఎత్తలేదు. మే 31 మధ్యాహ్నపు టల్సా ట్రిబ్యూన్ పత్రికలో ఏముందో చూద్దామని వెళ్లినవాళ్లకు, దాచిన ప్రతిలో మొదటి పేజీ వార్తా, సంపాదకీయం పేజీలో కొంతా చింపేసి కనిపించాయి. వార్త నకలు తర్వాత ఇంకో చోట దొరికింది. సంపాదకీయం దొరకలేదు. అందులో ఏముందో తమకు గుర్తుందన్నవాళ్లు ఉన్నారు. నమ్మదగిన చరిత్రకారులు ఆ మాటలను జ్ఞాపకాలుగా రాస్తారు, పత్రికలో అచ్చయిన వాక్యాలుగా రాయరు. పేజీ చిరిగి ఉందన్నదాన్ని కూడా ఒక ఆధారంగానే రాస్తారు.

ఆ మంటల్లోంచి కూతురిని తీసుకుని పారిపోయినవాళ్లలో మేరీ జోన్స్ పారిష్ అనే ఆవిడ ఒకరు. ఆమె టల్సాలో పుట్టలేదు, కొన్నేళ్ల ముందే వచ్చి టైపింగు, షార్ట్‌హ్యాండు నేర్పుకుంటూ ఉండేది. చరిత్రలో పట్టా ఏమీ లేదు. మంటలు ఆరిన కొద్దిరోజులకే బతికి బయటపడ్డవాళ్ల దగ్గరికి వెళ్లి ఎవరు ఏం చూశారో రాసుకుంది. తాను చూసింది తన పేరుతో, వాళ్లు చూసింది వాళ్ల పేర్లతో, ఎవరి ఆస్తి ఎంత పోయిందో ఒక జాబితాగా అచ్చువేసింది. ఆ ఘటన మీద విచారణకు రాష్ట్రం కమిషన్ వేసింది 1997లో, అది నివేదిక ఇచ్చింది 2001లో. 1921 నుంచి అప్పటిదాకా గడిచిన డెబ్బై ఏళ్లకు పైగా కాలంలో, అసలేం జరిగిందని అడిగినవాళ్లకు చూపించడానికి మిగిలిన కొద్ది రాతల్లో ఆమె జాబితా ఒకటి.